మహామాంద్యంలో ఆడపిల్లల బోర్డింగ్ బడి: ఖర్చు ఎవరి చేతుల మీద నడిచింది?

1931లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, రోమ్ అనే ఊరి పక్కనున్న బెర్రీ బాలికల పాఠశాలలో మేరీ హాల్ అనే రాతి హాస్టల్ భవనం పూర్తయింది. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ తన తల్లి పేరు మీద కట్టించినది అది. అంతకు ఆరేళ్ల ముందు భార్య పేరు మీద క్లారా హాల్ కట్టించాడు. రెండూ ఇంగ్లండ్‌లోని పాత విశ్వవిద్యాలయ భవనాల్లా ఉంటాయి. వాటిలో ఉండి చదువుకోడానికి వచ్చిన అమ్మాయిల ఇళ్ల పరిస్థితి వేరు. 1929లో పౌను పత్తికి దాదాపు 17 సెంట్లు పలికిన ధర 1931 నాటికి 6 సెంట్లకు దిగజారింది. ఏడాదంతా రెక్కలు ముక్కలు చేసుకున్నా అప్పు తీరని పత్తి రైతుల పిల్లలు వాళ్లు.

1929లో మొదలై 1930లంతా ప్రపంచాన్ని కుదిపిన ఆ ఆర్థిక మాంద్యం నాటి హాస్టల్ జీవితం గురించి రాసేవాళ్లు మామూలుగా రెండు కథల్లో ఒకటి చెబుతారు. పాత మాస్టార్లు, దాతలు చెప్పేది త్యాగం కథ: అందరూ కలిసి కష్టం పంచుకున్నారు, ఉన్నదాంతో సర్దుకున్నారు. విమర్శకులు చెప్పేది దోపిడీ కథ. ఎవరూ ఖర్చుల పుస్తకం మాత్రం తెరవరు. హాస్టల్ బడి నడవడానికి ఆధారాలు మూడే: పిల్లలు కట్టే ఫీజు, బయటివాళ్లిచ్చే విరాళం, పిల్లలే చేసే పని. మొదటి రెండూ ఎండిపోతే బరువంతా మూడోదాని మీద పడుతుంది. 1930లలో జరిగింది అదే. ఆ పనికి ఖర్చుల పుస్తకంలో సరైన ధర కట్టలేదు. క్రమశిక్షణ అన్నారు, ఇల్లాలి శిక్షణ అన్నారు, స్వావలంబన అన్నారు. ఆ మాటలు పూర్తిగా అబద్ధం కావు. అందుకే వాటి చాటున లెక్క దాక్కోవడం అంత తేలికైంది.

ముందు దెబ్బ తిన్నవి ఫీజు మీదే బతికే బడులు. అమెరికా తూర్పు తీరంలో కలవారి కూతుళ్ల కోసం నడిచిన ప్రైవేటు బోర్డింగులు అప్పటికే వందకు పైగా ఏళ్లుగా ఉన్నాయి. కనెక్టికట్‌లోని మిస్ పోర్టర్స్, న్యూయార్క్ రాష్ట్రంలోని ఎమ్మా విల్లర్డ్ లాంటి పేరున్న బడులు తట్టుకుని నిలబడ్డాయి. పేరు, నిధి రెండూ లేని చిన్న బడులు ఎన్నో తలుపులు మూశాయి. 30 మంది ఉండే హాస్టల్లో 10 మంది మానేస్తే ఖర్చు మూడో వంతు తగ్గదు. బాయిలర్‌లో అంతే బొగ్గు పొయ్యాలి, అదే వంటమనిషికి జీతమివ్వాలి, భవనం మీది అప్పుకు వడ్డీ కట్టాలి. దీనికి తోడు బ్యాంకులు. 1930, 1933 మధ్య అమెరికాలో దాదాపు 9,000 బ్యాంకులు మునిగాయి. చిన్న ఊళ్లో తండ్రి పొదుపు, బడి ఖాతా, టీచరమ్మ దాచుకున్న జీతం అన్నీ ఒకే బ్యాంకులో ఉండటం మామూలే. అది మూతపడితే ఒకరికొకరు అప్పిచ్చుకునే దారి కూడా ఉండదు.

ఇదే కాలంలో అమెరికా ప్రభుత్వ హైస్కూళ్లు మాత్రం కిటకిటలాడాయి. 1930లో 44 లక్షలున్న విద్యార్థుల సంఖ్య 1940 నాటికి 65 లక్షలు దాటింది. పని దొరకని పిల్లలు బడికెళ్లారు, అంతే. బోర్డింగ్ ఫీజు భరించలేని మధ్యతరగతి తండ్రి కూతుర్ని ఇంటికి పిలిపించి ఊళ్లో ఉన్న ఉచిత హైస్కూల్లో వేశాడు. ఆ అమ్మాయికి చదువు ఆగలేదు. అసలు చిక్కు ఊళ్లో హైస్కూలే లేని పల్లె పిల్లలది, ఉన్న హైస్కూలు తమను చేర్చుకోని నల్లజాతి పిల్లలది. వాళ్లకు హాస్టల్ బడి తప్ప మరో దారి లేదు. అందుకే బెర్రీ లాంటి బడులను చూస్తేనే మాంద్యం అసలు రూపం అర్థమవుతుంది.

మార్తా బెర్రీ భూస్వాముల ఇంటి కూతురు. 1902లో కొండ ప్రాంతాల పేద మగపిల్లల కోసం, 1909లో ఆడపిల్లల కోసం బడులు పెట్టింది. తెల్లజాతి పిల్లల్నే చేర్చుకునేవారు. ఆ గోడ 1960ల దాకా కదల్లేదు. వారంలో నాలుగు రోజులు తరగతులు, రెండు రోజులు పని. మగపిల్లలు పొలం, పాడి, ఇటుకలు, భవనాల పని చూసేవారు. ఆడపిల్లలకు వంటశాల, లాండ్రీ, కుట్టు, మగ్గం, పండ్లూ కూరగాయలూ డబ్బాలకెత్తి నిల్వ చేసే పని. తాము వేసుకునే యూనిఫాం తామే కుట్టుకునేవారు. మగ్గం మీద నేసిన దుప్పట్లు, తువ్వాళ్లు వచ్చిపోయే అతిథులు కొనుక్కునేవారు.

ఆ అతిథులు ఊరికే వచ్చినవాళ్లు కారు. న్యూయార్క్ సంపన్నురాలు ఎమిలీ వాండర్‌బిల్ట్ హామండ్ తన స్నేహితులను బృందాలుగా అక్కడికి తీసుకొచ్చేది, వాళ్లకు యాత్రికులని పేరు కూడా ఉండేది. శుభ్రంగా, ఒద్దికగా, ఒకే రకం నూలు గౌన్లలో నిలబడి పాడే పల్లెటూరి అమ్మాయిలు ఆ యాత్రకు మూలవిరాట్టులు. దాతకు పేదరికం కనిపించాలి, కానీ మురికి కనిపించకూడదు. విరాళాలు తగ్గిన కాలంలో ఈ ప్రదర్శన కూడా ఆడపిల్లల పనుల్లో ఒకటిగానే లెక్కేసుకోవాలి, ఏ టైమ్ టేబుల్లోనూ రాయకపోయినా.

1933లో ఈ పద్ధతి ఒకచోట బీటలు వారింది. పనికి కట్టే వెల, కట్టాల్సిన ఫీజు విషయంలో బెర్రీ విద్యార్థులు సమ్మెకు దిగారు. అదే ఏడాది అక్టోబరులో, అంతకుముందు ఆ బడిలోనే చదివిన డాన్ వెస్ట్ న్యూ రిపబ్లిక్ వారపత్రికలో బెర్రీని చెమటోడ్చి పనిచేయించే ఫ్యాక్టరీలతో పోల్చి రాశాడు. మార్తా బెర్రీ మద్దతుదారులకు ఆ రాత మండింది. ఇద్దరి వాదనలోనూ బలముంది. ఆ పని లేకపోతే ఆ పిల్లలకు చదువే లేదు, ఇది నిజం. మరి ఆ బడిలో యజమాని, ఇంటి ఓనరు, హెడ్మాస్టరు ముగ్గురూ ఒకరే. ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం: గంట పనికి ఫీజు కింద 10 సెంట్లు జమ చేసే చోట 8 సెంట్లే జమ చేస్తే, 80 సెంట్ల బాకీ తీరడానికి 8 గంటల బదులు 10 గంటలు పని చేయాలి. ఫీజు పైసా పెంచకుండానే పెంచినట్టు. ఇక ఫీజు కూడా పెంచితే చెప్పేదేముంది. బయట ఉద్యోగమైతే మానేసి పోవచ్చు. ఇక్కడ పని మానేస్తే మంచం, కంచం, పుస్తకం మూడూ పోతాయి.

వాషింగ్టన్‌లో నానీ హెలెన్ బరోస్ నడిపిన బడి కథలో దాత ఫోర్డ్ లాంటివాడు కాదు. 1909లో నగరం ఈశాన్య కొసన, లింకన్ హైట్స్ గుట్ట మీద ఆమె నల్లజాతి ఆడవాళ్లకూ ఆడపిల్లలకూ వసతి బడి తెరిచింది. బాప్టిస్టు చర్చిల్లోని నల్లజాతి స్త్రీలు పోగుచేసి పంపిన చిల్లర డబ్బే దానికి పెట్టుబడి. ఇళ్లలో బట్టలుతికి, వంటలు చేసి బతికేవాళ్లే వాళ్లలో ఎక్కువ. తెల్లవాళ్ల పెద్ద విరాళాల కోసం తన స్వరం తగ్గించుకోవడం బరోస్‌కు ఇష్టంలేదు. ఆ స్వాతంత్ర్యానికి మాంద్యంలో మూల్యం చెల్లించాల్సి వచ్చింది: దాతలే ముందు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. నల్లజాతి కార్మికులను చివర పనిలోకి తీసుకునేవారు, మొదట తీసేసేవారు.

బరోస్ బడికి మూడు గుర్తులు చెప్పేవారు: బైబిలు, స్నానం, చీపురు. చదువుతోపాటు వంట, కుట్టు, ముద్రణ, చెప్పులు బాగుచేయడం, లెక్కల పుస్తకాలు రాయడం, నర్సింగు నేర్పేవారు. నల్లజాతి చరిత్ర తప్పనిసరి పాఠం, అప్పట్లో చాలా కాలేజీల్లోనే లేనిది. ఆ బడి ఊరి జనం కోసం ఒక లాండ్రీ కూడా నడిపింది. అప్పటి లాండ్రీ అంటే ఉడుకు నీళ్ల ఆవిరి, సబ్బు నురగ, గంజి పెట్టిన దుప్పట్లను రోలర్ల మధ్య నుంచి లాగడం, పొయ్యి మీద వేడెక్కిన ఇస్త్రీ పెట్టెలు ఒకటి చల్లారగానే ఇంకొకటి అందుకోవడం. బయటి ఇళ్ల మూటలకు గుర్తులు కుట్టి, ఎవరివి వాళ్లకు తిరిగి చేర్చే లెక్క కూడా అందులో భాగమే. ఒక అమ్మాయి దీన్ని చదువు అనుకుందా, కూలి అనుకుందా అన్నది ఆ నెల ఇంటి నుంచి ఫీజు వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి ఉండి ఉంటుంది.

ఇక్కడో మెలిక ఉంది. పని నేర్చుకున్న పనిమనిషికి గౌరవం, మంచి జీతం దక్కాలన్నది బరోస్ వాదన. 1930 జనాభా లెక్కల నాటికి ఉద్యోగం చేసే నల్లజాతి స్త్రీలలో సగానికి పైగా ఇంటిపని చేసేవాళ్లే. కాబట్టి ఆ శిక్షణ గాల్లోంచి పుట్టింది కాదు. కానీ మాంద్యంలో మధ్యతరగతి ఇళ్లు మొదట తగ్గించింది పనిమనిషి జీతాన్నే. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధి మూలల్లో నల్లజాతి స్త్రీలు గంటల లెక్కన, ఇచ్చినంతకే పనికి కుదురుతూ నిలబడే రోజులవి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ భృతి కోసం తెచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం ఇంటిపనివాళ్లనూ వ్యవసాయ కూలీలనూ పక్కన పెట్టింది. ఇళ్లలో నికరంగా పనిచేసేవాళ్లను అందులో చేర్చింది 1950 సవరణల తర్వాతే. అంటే ఆ బడిలో డిప్లొమా తీసుకున్న అమ్మాయి, ఎంత బాగా నేర్చుకున్నా, చట్టం దృష్టిలో కార్మికురాలు కాదు. బరోస్ ఇది చూస్తూ కూర్చోలేదు. చుట్టుపక్కల నిరుద్యోగ కుటుంబాలను కూడగట్టి ఒక సహకార సంఘం పెట్టింది, చీపుళ్లు, పరుపులు చేయించింది, దుకాణం నడిపించింది. బడి గోడ దాటి ఆలోచించిన హెడ్మాస్టర్లు ఆ కాలంలో అరుదు.

తిండి విషయంలో మాంద్యం కాస్త విచిత్రంగా పనిచేసింది. ధరలు పడిపోయాయి కాబట్టి బియ్యం, గోధుమ, బంగాళాదుంప, మాంసం అన్నీ చవక. సొంత పొలం, పాడి ఉన్న బడి పట్నం బడి కంటే బాగానే తింది. దక్షిణ రాష్ట్రాల్లో ఇది చిన్న విషయమేమీ కాదు. మొక్కజొన్న పిండి, బెల్లం పాకం, ఉప్పు పట్టించిన పంది కొవ్వు మీద బతికే పత్తి కూలీల ఇళ్లలో, తిండిలో పోషకాల లోపం వల్ల వచ్చే పెలాగ్రా జబ్బు ఉండేది. చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి తప్పేది. డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 తర్వాత మిసిసిపీలోని అనాథాశ్రమాల్లో పిల్లలకు పాలు, గుడ్లు, చిక్కుడు గింజలు పెట్టించి ఆ జబ్బును మాయం చేసి చూపించాడు. (మన హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో జొన్న తినేవాళ్లలో పెలాగ్రా గురించి రాసింది ఇదే దారిలో.) కాబట్టి హాస్టల్లో రోజూ గ్లాసు పాలు దొరికిన పత్తి కూలీ కూతురికి మాంద్యం ఏళ్లు ఒంటికి మేలే చేసి ఉండొచ్చు. హాస్టల్ అంటే ఆకలి అనుకునే అలవాటుకు ఇది కొంచెం అడ్డం.

ఇప్పటి మన హాస్టళ్లది దీనికి తలకిందుల సమస్య. అప్పుడు ధర తగ్గింది, చేతిలో డబ్బు లేదు. ఇప్పుడు ధర పెరుగుతుంది, మెస్ ఛార్జీ ఏళ్ల తరబడి కదలదు. తెలంగాణలో 3 నుంచి 7వ తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయలున్న డైట్ ఛార్జీని 2024లో 1,330 చేశారు. అదే ఉత్తర్వులో 7వ తరగతి లోపు ఆడపిల్లల కాస్మెటిక్ ఛార్జీ 55 నుంచి 175 అయింది. సబ్బు, నూనె, ప్యాడ్ల డబ్బు ఎప్పుడూ పద్దు చివరి వరసలోనే ఉంటుందని ఆ 55 చెబుతోంది. 1930ల అమెరికాలో కూడా దుకాణాల్లో కోటెక్స్ ప్యాడ్లు అప్పటికే పదేళ్లుగా దొరుకుతున్నాయి. ఇంటి నుంచి చేతిఖర్చు ఆగిన అమ్మాయికి మాత్రం పాత గుడ్డలే గతి. పిండి, దాణా సంచుల బట్టతో గౌన్లు కుట్టుకోవడం పల్లెల్లో ఎంత మామూలైపోయిందంటే, మిల్లులు సంచుల మీద పూల డిజైన్లు అచ్చు వేయడం మొదలుపెట్టాయి. బడి యూనిఫాం ఇక్కడ నిజంగా పనికొచ్చింది. ఎవరిది సంచి గౌను, ఎవరిది దుకాణం గౌను అన్న తేడా వారంలో చాలా రోజులు కనబడేది కాదు.

ఈ కథకు మన వైపు కూడా ఒక కొస ఉంది. గుంటూరులో అమెరికన్ లూథరన్లు 1842 నుంచి ఉన్నారు. నెల్లూరు, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు, హైదరాబాద్‌లో స్టాన్లీ బాలికల పాఠశాల నడిపిన మెథడిస్టులు. వీళ్ల బోర్డింగుల్లో చదివింది ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాల క్రైస్తవ ఆడపిల్లలు. నీళ్లు తోడటం, వడ్లు దంచడం, పిండి విసరడం, వంట, కుట్టుపని వాళ్లే చేసుకునేవారు. దొరసానమ్మల ఉత్తరాలు అమెరికాలో చర్చి ఆడవాళ్ల సంఘాల దగ్గరికి వెళ్లేవి, అక్కడ చందా ప్లేటులో పడ్డ డాలర్లు ఇక్కడికి వచ్చేవి. ఆ ప్లేటు ఖాళీ అవడం మొదలయ్యాక ఇక్కడి హాస్టల్ ఖర్చుకు కోత పడింది.

కానీ ఆ కోత ఒకే తీరుగా పడి ఉండదు, మారకం రేటు చూస్తే తెలుస్తుంది. రూపాయి విలువను బ్రిటిష్ ప్రభుత్వం తన పౌండు లెక్కలో 1 షిల్లింగు 6 పెన్నీలకు కట్టేసింది. 1931 సెప్టెంబరు దాకా డాలరుకు సుమారు 2 రూపాయల 12 అణాలు వచ్చేవి. ఆ నెలలో బ్రిటన్ బంగారు ప్రమాణం, అంటే పౌండు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతి, వదిలేసింది. పౌండు పడింది, దాంతో రూపాయి కూడా. 1932లో డాలరుకు 4 రూపాయల దాకా వచ్చే రోజులున్నాయి. అంటే అమెరికా నుంచి 10 డాలర్ల బదులు 7 డాలర్లే వచ్చినా గుంటూరులో చేతికందే రూపాయలు దాదాపు అవే. పైగా వడ్ల ధర సగానికి పడిపోయింది, ఆ రూపాయలకు ఎక్కువ బియ్యం వచ్చాయి. అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1933లో రూజ్‌వెల్ట్ డాలరును బంగారం నుంచి విడదీశాడు. 1934 నాటికి డాలరుకు వచ్చేది మళ్లీ 2 రూపాయల 10 అణాల చిల్లరే. అక్కడ పరిస్థితి కాస్త కుదుటపడుతున్నదని పత్రికలు రాస్తున్నప్పుడు, లెక్క ప్రకారం, ఇక్కడి బోర్డింగ్ వంటింట్లో చిక్కు మొదలై ఉండాలి.

అదే గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో పెట్టిన ఆడపిల్లల బడి శారదా నికేతనం ఇంకో తరహా. డాలర్లతో పనిలేదు, స్థానికుల చందాలే దిక్కు. అయితే ఆ చందాలిచ్చే డెల్టా రైతు వడ్ల ధర కూలి, శిస్తు మాత్రం నగదుగా కట్టలేక నగలు అమ్ముకుంటున్న సమయం అది. అదే సమయానికి ఉప్పు సత్యాగ్రహం వచ్చి లక్ష్మీబాయమ్మ జైలుకెళ్లారు. ఒక సంస్థకు డబ్బూ మనిషీ ఒకేసారి లేకుండా పోవడమంటే ఇదే.

టీచర్ల మాట క్లుప్తంగా. అమెరికాలో చాలాచోట్ల పెళ్లయిన టీచర్లను తీసేశారు, భర్త సంపాదిస్తున్నాడు కదా అని. బోర్డింగుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా పెళ్లికానివాళ్లే కాబట్టి ఆ గండం తప్పింది. జీతం కోస్తే మాత్రం కిమ్మనలేని పరిస్థితి, గదీ భోజనమూ బడివే కాబట్టి. ఆ విషయంలో టీచరమ్మకూ, గిన్నెలు కడిగే విద్యార్థినికీ పెద్ద తేడా లేదు.

ప్రభుత్వం ఈ రంగంలోకి వచ్చింది ఆలస్యంగా, అదీ చిటికెడు. నిరుద్యోగ యువకుల కోసం 1933లో పెట్టిన అడవి పని శిబిరాల్లో నెలకు 30 డాలర్ల జీతం ఇచ్చేవారు, అందులో 25 నేరుగా ఇంటికే. దాదాపు 30 లక్షల మంది మగపిల్లలు వాటిలో పనిచేశారు. ఆడపిల్లలకేదీ అని అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ పట్టుబట్టగా అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రం బేర్ మౌంటెన్ దగ్గర మొదటి మహిళా శిబిరం తెరిచారు. పత్రికలవాళ్లు వెక్కిరించారు. 1937లో మూసేసేలోపు ఆ శిబిరాల్లో ఉండి చదువూ చేతిపనీ నేర్చుకున్నవాళ్లు 8,500 మంది. చేతికిచ్చింది వారానికి 50 సెంట్లు.

1935లో వచ్చిన జాతీయ యువజన పాలన సంస్థ ఇంకొంచెం ముందుకెళ్లింది. బడిలోనే లైబ్రరీ సర్దడం, వంటశాలలో సాయం, టైపు కొట్టడం లాంటి పనులకు హైస్కూలు విద్యార్థికి నెలకు 6 డాలర్ల దాకా ప్రభుత్వమే ఇచ్చింది. నల్లజాతి విద్యార్థుల విభాగాన్ని మేరీ మెక్‌లియోడ్ బెథ్యూన్ చూసింది, ఆమె కూడా ఒకప్పుడు నల్లజాతి ఆడపిల్లల బడి పెట్టినావిడే. అంతవరకు ఫీజు కింద జమ అయిపోతున్న అదే పని ఇప్పుడు నగదై విద్యార్థి చేతికి వచ్చింది. యుద్ధ పరిశ్రమల్లో ఉద్యోగాలు దొరకడంతో 1943లో ఆ పథకాన్ని ఆపేశారు. బెర్రీలో విద్యార్థులు పనిచేసే పద్ధతి మాత్రం కాలేజీలో ఈనాటికీ ఉంది, జీతంతో.